లోయ అంచున ఒక రాత్రి ఉండాలి

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒక యాత్ర దాదాపు ఖాయం. లాస్ వేగస్‌లో దిగి, వ్యాను మాట్లాడుకుని, గ్రాండ్ కాన్యన్ అంచుకి వెళ్ళి, కటకటాల ముందు వరసగా నిలబడి ఫొటోలు దిగి, పులిహోర డబ్బాలు విప్పి, మళ్ళీ బండెక్కడం. మర్నాడు పేజ్ ఊరి దగ్గర హార్స్‌షూ బెండ్. అక్కడా అంతే. నేనూ అలాంటి యాత్రలు చేశాను. అందరం కలిసి వెళ్ళడంలో ఉన్న సంతోషం నాకు తెలుసు, దాన్ని తక్కువ చెయ్యను. కానీ మిట్టమధ్యాహ్నం పావుగంట నిలబడి వచ్చి, లోయను చూసేశాం అనుకోవడం దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. లోయను చూడాలంటే ఒక సాయంత్రం నుంచి తెల్లారేదాకా దాని అంచున ఉండాలి. కుదిరితే ఒంటరిగా ఉండాలి. అక్కడ రోడ్లు, దీపాలు, హోటళ్ళు కట్టేవాళ్ళు కూడా వచ్చిపోయేవాళ్ళతో పాటు ఉండేవాళ్ళనీ మనసులో పెట్టుకోవాలి.

నేను సాల్ట్ లేక్ సిటీలో ఉంటాను. నాకు దగ్గరైన ఎడారి లోయలు యూటా రాష్ట్రంలోనే ఆగ్నేయాన, మోయాబ్ ఊరి చుట్టుపక్కలవి. స్పానిష్ ఫోర్క్ దగ్గర కొండల్లోకి తిరిగి, ప్రైస్ దాటి, గ్రీన్ రివర్ ఊరి దగ్గర ఐ-70 హైవే పట్టుకుని, క్రెసెంట్ జంక్షన్‌లో 191 నంబరు రోడ్డు మీదికి దిగితే మొత్తం నాలుగు గంటల దారి. మోయాబ్ ఇంకా పది మైళ్ళుందనగా కుడిచేతి వైపు 313 నంబరు రోడ్డు పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. ఎక్కాక అంతా బల్లపరుపు నేల. గడ్డి, పొట్టి జూనిపర్ చెట్లు, ఎర్ర మట్టి. ఆ నేల కింద ఏముందో కారులోంచి ఏమాత్రం తెలియదు. ఆ పీఠభూమిని ఐలాండ్ ఇన్ ద స్కై అంటారు, అది కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో ఒక భాగం. తూర్పున కొలరాడో, పడమట గ్రీన్ నది దాన్ని చెరో పక్క నుంచి కోసుకుంటూ వచ్చి దక్షిణాన కలుస్తాయి. అంచు నుంచి వెయ్యి అడుగుల కింద వైట్ రిమ్ అనే తెల్లటి రాతి మెట్టు. అక్కణ్ణించి ఇంకో వెయ్యి అడుగుల కింద నదులు.

అక్కడ విల్లో ఫ్లాట్ దగ్గర చిన్న క్యాంపుగ్రౌండ్ ఉంది. గుడారాలకి 12 చోట్లే. ముందుగా బుక్ చేసుకోవడం లేదు, ఎవరు ముందు వస్తే వాళ్ళది. నీళ్ళు లేవు, కరెంటు లేదు. ఒక బల్ల, మంట వేసుకునే ఇనప చట్రం, మరుగుదొడ్డి, అంతే. కట్టెలు ఏరుకోనివ్వరు కాబట్టి అవీ మనమే తీసుకెళ్ళాలి. అక్టోబరులో నేను పొద్దున్నే చేరి చోటు పట్టుకున్నాను. పగలు ఒంటిమీద చొక్కా చాలు, రాత్రి మాత్రం నీళ్ళు గడ్డకట్టే దాకా వస్తుంది చలి. గ్రీన్ రివర్ ఓవర్‌లుక్ అక్కడికి నడిచి వెళ్ళేంత దూరం.

మధ్యాహ్నం అక్కడికి వెళ్ళి నిలబడ్డప్పుడు లోయ మామూలు బొమ్మలా ఉంది. ఇది చాలామందికి అనుభవమే అయినా పైకి చెప్పరు: ఇంత దూరం వచ్చాం, అద్భుతం అనాలి కాబట్టి అంటారు. దీనికి కారణం ఉంది. రెండు కళ్ళతో లోతును పసిగట్టే శక్తి మనకి కొన్ని వందల అడుగుల దాకానే బాగా పనిచేస్తుంది. ఆ పైన దూరాన్ని మనం నీడల్ని బట్టి, మసకను బట్టి, కదిలేవాటిని బట్టి అంచనా వేస్తాం. నడినెత్తిన సూర్యుడుంటే నీడలుండవు. ఎడారి గాలిలో తేమ తక్కువ కాబట్టి మసక కూడా ఉండదు, ముప్ఫై మైళ్ళ అవతలి లా సాల్ పర్వతాలు పక్క వీధిలో ఉన్నట్టే ఉంటాయి. కదిలేది ఏదీ లేదు. ఇక కన్ను దేన్ని పట్టుకుని లోతు కొలుస్తుంది? యాత్రా వ్యాన్లు ఎక్కువగా అక్కడికి చేరేది సరిగ్గా ఆ వేళకే.

నాలుగు దాటాక మార్పు మొదలైంది. ముందు నది అడుగున నీడ పడింది. ఆ నీడ గోడల మీదికి పాకుతూ వస్తుంటే, అప్పటిదాకా ఒకే గోడ అనుకున్నది మూడు గోడలైంది, వాటి మధ్య మైళ్ళ ఖాళీ తేలింది. వైట్ రిమ్ అంచు తెల్లటి గీతలా మెరిసింది. దాని కింద గ్రీన్ నది మెలికలు తిరుగుతూ స్టిల్‌వాటర్ కాన్యన్‌లోకి పోతోంది. కింద తెల్ల మెట్టు మీద ఒక చుక్క కదిలింది, వెనక సన్నటి దుమ్ము. అది జీపు అని తెలియడానికి కొంతసేపు పట్టింది. తెలిసిన క్షణంలో నా మోకాళ్ళలో సత్తువ పోయింది. జీపు ఆవగింజంత ఉంటే, అది నిలబడ్డ మెట్టు ఎంతుండాలి, ఆ మెట్టు కింద లోయ ఎంతుండాలి? లోతు అప్పుడు తెలిసింది నాకు. ఆ జీపు నా కళ్ళముందు ఒక మలుపు తిరగడానికి అరగంట పైనే పట్టింది. అరగంట కూడా కూచోని మనిషికి ఆ కొలత దొరికే అవకాశమే లేదు.

ఎక్కువసేపు కూచున్నందుకు ఇంకో ఫలితం ఉంది. ప్రశ్నలు పుడతాయి. ఇంత నిర్మానుష్యమైన చోట ఆ రోడ్డు ఎవరు వేశారు? 1950లలో యురేనియం కోసం వేశారు. అణ్వాయుధాల పోటీ రోజులు. అమెరికా అణుశక్తి కమిషన్ ప్రోత్సాహంతో గనులు వెతికేవాళ్ళు చిన్లే అనే రాతి పొర వెంట బుల్డోజర్లతో దారులు కోశారు. 1952లో చార్లీ స్టీన్ అనే ఆయనకి మోయాబ్‌కి దక్షిణాన పెద్ద నిక్షేపం దొరకడంతో ఆ వేట పిచ్చిగా మారింది. వైట్ రిమ్ మీద మాత్రం దొరికింది చాలా తక్కువ. మిగిలింది వంద మైళ్ళ రోడ్డు. ఇప్పుడు దాన్ని జీపుల వాళ్ళు, సైకిళ్ళ వాళ్ళు పర్మిట్లు తీసుకుని తిరుగుతున్నారు. మోయాబ్‌లో కొలరాడో ఒడ్డునే యురేనియం మిల్లు వదిలిపోయిన కోటీ అరవై లక్షల టన్నుల వ్యర్థాన్ని 2009 నుంచి రైళ్ళలో క్రెసెంట్ జంక్షన్‌కి తరలించి పూడ్చాల్సి వచ్చింది. నేను హైవే దిగిన చోటు అదే.

ఇది తెలిసినప్పుడు నా మనసు మా జిల్లాకి వెళ్ళింది. మాది ప్రొద్దుటూరు. మా కడప జిల్లాలోనే తుమ్మలపల్లెలో యురేనియం గని, మిల్లు ఉన్నాయి. వ్యర్థాల చెరువు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బోరు నీళ్ళు పాడయ్యాయని ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఎడారి లోయ అంచున కూచుని నేను ఎప్పుడూ అడగని ప్రశ్న మా ఊరి గురించి అడిగాను: ఆ చెరువును రేపు ఎవరు, ఎక్కడికి తరలిస్తారు?

ఇంకొంచెం తూర్పుకి, డెడ్ హార్స్ పాయింట్ అని స్టేట్ పార్కు ఉంది. అక్కణ్ణించి 2,000 అడుగుల కింద కొలరాడో ఒంపు తిరగడం బాగా కనిపిస్తుంది. దాంతో పాటు ఎర్ర నేల మధ్యలో ముదురు నీలం మడులు కనిపిస్తాయి. పక్కన నిలబడ్డవాళ్ళు వాటిని చెరువులనుకుని ఎంత అందంగా ఉన్నాయో అంటుంటారు. అవి పొటాష్ మడులు. నేల లోతుల్లో ఉన్న ఉప్పు పొరలోకి నీళ్ళు పంపి, కరిగించి, పైకి తోడి ఎండబెడతారు. ఎండ వేడి ఎక్కువగా పట్టాలని నీళ్ళకి నీలం రంగు కలుపుతారు. మా నాన్న అరటి తోటకి బస్తాలు బస్తాలు వేసిన ఎరువు అదే జాతిది. ఇండియాకి కావలసిన పొటాష్ దాదాపు అంతా బయటి దేశాల నుంచే వస్తుంది. అందుకే ఆ మడుల్ని చూసి నాకు చిరాకు కలగలేదు. కలగాలని కొందరు మిత్రులు వాదించారు, నేను ఒప్పుకోలేదు. కానీ అవేమిటో తెలుసుకోకుండా ఫొటో తీసుకుని పోవడం ఆ నేలకి చేసే అన్యాయం.

ఈ చోటు మిగలడం కూడా ఒకరు సరిగ్గా చూడటం వల్లే. 1961లో ఆనకట్టలు కట్టే అమెరికా రిక్లమేషన్ శాఖ కమిషనర్ ఫ్లాయిడ్ డామినీ, రెండు నదులు కలిసే చోటికి దగ్గర్లో కట్టాలనుకున్న ఆనకట్ట స్థలం చూపించడానికి అంతర్గత వ్యవహారాల మంత్రి స్టూవర్ట్ యుడాల్‌ను విమానంలో తిప్పాడు. యుడాల్‌కి కిందకి చూస్తే నేషనల్ పార్కు కనిపించింది. అప్పటికే మోయాబ్ దగ్గరే ఉన్న ఆర్చెస్ పార్కు అధికారి బేట్స్ విల్సన్ ఏళ్ళుగా అదే మాట చెబుతూ, వచ్చినవాళ్ళందరినీ జీపుల్లో లోపలికి తీసుకెళ్ళి, రాత్రుళ్ళు అక్కడే ఉంచి, మంట దగ్గర వండి పెట్టేవాడు. 1964 సెప్టెంబరు 12న లిండన్ జాన్సన్ సంతకంతో పార్కు ఏర్పడింది. విల్సన్ చేసిన పని నాకు చాలా ఇష్టం. వాదనలు, నివేదికల కన్నా ముందు మనుషుల్ని ఒక రాత్రి అక్కడ ఉండనిచ్చాడు. అంతకు ముందు, 1869లో, ఒంటిచేతి జాన్ వెస్లీ పావెల్ చెక్క పడవల్లో గ్రీన్ నది మీదుగా వచ్చినప్పుడు కూడా సంగమం దగ్గర కొన్ని రోజులు ఆగాడు, గోడలెక్కి చుట్టూ చూశాడు. ఆ దేశానికి ఈ లోయల్ని పరిచయం చేసినవాళ్ళంతా ఆగినవాళ్ళే.

ఇక రాత్రి. కాన్యన్‌ల్యాండ్స్‌కి 2015లో అంతర్జాతీయ డార్క్ స్కై పార్కు గుర్తింపు వచ్చింది. అంటే చీకటిని కూడా నదిలా, రాయిలా కాపాడుతున్నారన్న మాట. దీపాలు తక్కువ, ఉన్నవీ కిందికే వెలుగు పడేలా తొడుగులతో ఉంటాయి. పొద్దు గూకిన గంటన్నరకి పాలపుంత నైరుతి వైపు నిలువుగా నిలబడింది. తర్వాత తూర్పున పిల్లలకోడి పైకొచ్చింది. అర్ధరాత్రి చలికి మెలకువ వచ్చి బయటికి చూస్తే గొల్లకావిడి లేచి ఉంది. మా తాత ఆరుబయట మంచం మీద పడుకుని వాటిని చూసే తెల్లారడానికి ఎంతుందో చెప్పేవాడు. ఆయన చూపించిన చుక్కల్ని నేను ప్రొద్దుటూరు ఆకాశంలో పోగొట్టుకుని ఎన్నో ఏళ్ళయింది. పగలంతా లోయలోంచి పైకి వీచిన గాలి రాత్రికి దిశ మార్చుకుని, పీఠభూమి మీది చలిని మోసుకుంటూ కిందికి జారిపోతోంది. కింద లోయ కనిపించదు, కానీ అక్కడ నేల లేదన్న సంగతి ఒంటికి తెలుస్తూ ఉంటుంది. ఆ భయం మంచిదే. చీకట్లో అంచు వైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు నేను. గుడారానికీ అంచుకీ మధ్య చాలా దూరం ఉంచుకున్నాను.

ఒంటరిగా ఎందుకు అన్న ప్రశ్న నాకు ముందు మా అమ్మ నుంచే వచ్చింది. "ఒక్కదానివే ఆ రాళ్ళల్లో యెట్ల పండుకుంటావు మే?" అంది ఫోన్లో. "కారు పక్కనే ఉంటాది మా. చుట్టూ ఇంగా గుడారాలుంటాయి" అన్నాను. ఆమె భయం అర్థం లేనిది కాదు. ఆడపిల్ల ఒంటరిగా బయట రాత్రి గడపడం మన ఊళ్ళలో దేనికి దారి తీస్తుందో చూసిన మనిషి. అయినా నేను వెళ్ళాలనే అంటాను, వెళ్ళమనే చెబుతాను. నలుగురితో వెళ్ళినప్పుడు మన ధ్యాస నలుగురి మీద ఉంటుంది. ఎవరికి ఆకలేస్తోంది, ఎవరికి బాత్రూం కావాలి, పిల్లలు అంచుకి పోతున్నారా. ముఖ్యంగా మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఏ యాత్రలోనైనా ఈ కాపలా తప్పదు. వంటింటిని వెంటపెట్టుకుని వెళ్ళి, వంటింటితోనే తిరిగొస్తారు. పొయ్యి మీద ఉప్మా ఒక్కదానికే చేసుకుని, గిన్నె పట్టుకుని అంచుకి దూరంగా ఒక బండ మీద కూచుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా గంటల కొద్దీ ఒక గోడ రంగు మారడం చూడటం అనేది మా అమ్మకి ఒక్కసారి కూడా దొరకలేదు. అది దొరకాల్సిన హక్కే అంటాను.

జాగ్రత్తలు ఉన్నాయి, వాటిని గట్టిగానే చెబుతాను. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు, చలిగా ఉన్నా సరే. నీళ్ళు, పెట్రోలు గ్రీన్ రివర్‌లోనో మోయాబ్‌లోనో నింపుకోవాలి. పైన చాలా చోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఎక్కడ ఉంటారో, ఎప్పటికి తిరిగొస్తారో ఒకరికి రాసి ఇవ్వాలి. మ్యాపు కాగితం మీద ఉండాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఉరుములు వస్తాయి, మెరుపు కనిపిస్తే అంచు వదిలేయాలి. ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. దారి పక్కన మట్టి మీద నల్లగా, గరుకుగా పెచ్చు కట్టి ఉంటుంది. అది చచ్చిన మట్టి కాదు. సయనోబ్యాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి ఇసుకను అల్లి పట్టుకున్న ప్రాణమున్న పొర. గాలికి నేల కొట్టుకుపోకుండా ఆపేది అదే. ఒక్క అడుగు పడితే విరుగుతుంది, కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. రాతి మీదో, వాగు ఇసుకలోనో, దారిలోనో నడవాలి. బండల గుంటల్లో నిలిచిన వాన నీళ్ళలోనూ చెయ్యి పెట్టకూడదు, వాటిలో కంటికి ఆనీ ఆనని రొయ్యల్లాంటి జీవాలు వాన కోసం ఏళ్ళు ఎదురుచూసి పుట్టి ఉంటాయి.

తెల్లవారుజామున చాలామంది మెసా ఆర్చ్‌కి పరుగెడతారు. రాతి తోరణం కింది భాగం సూర్యోదయానికి నిప్పులా వెలుగుతుంది, నిజమే, అందమే. కానీ అక్కడ ట్రైపాడ్ల మధ్య చోటు కోసం మోచేతులతో తోసుకోవాలి. నేను గ్రాండ్ వ్యూ పాయింట్‌కి వెళ్ళాను. నిన్న నీడ ఎక్కిన దారినే ఇప్పుడు వెలుగు దిగింది: ముందు దూరపు కొండల తలలు, తర్వాత గోడలు, చివరికి కింద మాన్యుమెంట్ బేసిన్‌లోని రాతి స్తంభాలు ఒక్కొక్కటే.

గండికోట సంగతి ఇక్కడే చెప్పాలి. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన ఆ లోయ నా చిన్నతనమంతా మాకు బస్సు ప్రయాణమంత దూరం. అది ఎడారి కాదు, కానీ ఎండ, ఎర్ర రాయి, వాన తక్కువైన నేల వల్ల దానికి చుట్టరికం ఉంది. అక్కడ పెన్న మీద 26.85 టీఎంసీల జలాశయం కట్టారు. తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు మునిగాయి. రాయలసీమకి నీళ్ళు కావాలి కాబట్టి యూటాలో ఆగిన ఆనకట్టతో దాన్ని పోల్చి తప్పు పట్టడం న్యాయం కాదు. నేను పట్టను. నా వాదన ఆ అంచు గురించి. బెంగళూరు, హైదరాబాదు నుంచి వారాంతాల్లో వచ్చి గుడారాల్లో పడుకునేవాళ్ళు ఇప్పుడు చాలామంది. రావడం మంచిదే, నేను కోరేది అదే. ఐతే రాత్రి స్పీకర్లు, ఫ్లడ్‌లైట్లు, అంచు దాకా గుడారాలు, పొద్దున్నకి ప్లాస్టిక్ పళ్ళేలు మిగిలితే, ఉన్నా ఉండనట్టే. కోట లోపల మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు ఉన్న చోట కొండ మీద చీకటి కూడా కట్టడంలాగే కాపాడుకోవాల్సిన ఆస్తి. గుడారాలకి లెక్క పెట్టాలి, అంచుకి దూరం పెట్టాలి, పొద్దుపోయాక మోత ఆపాలి, దీపాలకి తొడుగులు వెయ్యాలి. ఇవి డబ్బు ఖర్చయ్యే పనులు కావు. అందరూ నిలబడే ప్రధానమైన చోట కటకటాలు ఉండాల్సిందే, అక్కడ పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

నా వాదనకి ఒక గట్టి ఎదురు మాట ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, చంటి పిల్లలున్నవాళ్ళు, శెలవు దొరకనివాళ్ళు గుడారంలో పడుకోలేరు. వాళ్ళకి లోయ లేనట్టేనా? కాదు. గ్రీన్ రివర్ ఓవర్‌లుక్ పార్కింగ్ నుంచి కొన్ని అడుగులే, దారి చదునుగా ఉంటుంది. పగటి యాత్రలో ఒక చోటు తగ్గించి, నాలుగింటికి అక్కడికి చేరి, దుప్పట్లు కప్పుకుని చుక్కలు పొడిచేదాకా కూచుంటే చాలు. అన్నం మోయాబ్‌కి తిరిగెళ్ళాక తినొచ్చు. అమ్మ వచ్చే ఏడాది వస్తానంది. ఈసారి వేగస్ వద్దన్నాను. మడత కుర్చీ ఒకటి, ఫ్లాస్కు నిండా టీ, మందపాటి శాలువా కారులో పెడతాను. వంట నేను చేస్తాను, ఆమె కూచుంటుంది.